చార్టులో పోయిన ఆదివారం

“నా ఆదివారాన్ని ఎత్తుకపోయినోళ్లు బయటెక్కడో లేరు! గీ ఇంట్లనే ఉన్నరు! ఒకరు చేసిన్రు, ఒకరు నోరు మూసుకొని కూసున్నరు!”

కళావతి చెప్పులు కూడా విడవలేదు. ఒంటి మీద కండక్టర్ ఖాకీ కోటు అట్లాగే ఉంది. గుమ్మంలో నిలబడి వేలు ముందు మొగుడి మీదికి తిప్పింది, తర్వాత అత్త మీదికి.

బండి రిపేరుకు పోవడంతో ఆ పూట ఇంట్లోనే ఉన్న గుండయ్య మంచం మీద నుంచి లేవబోయి, లేవలేక, లుంగీ సర్దుకున్నాడు. ఆయన తల్లి సుగుణమ్మ నేల మీద కాళ్లు చాపుకుని, చాటలో ఎల్లిగడ్డలు పోసుకుని పొట్టు తీస్తోంది.

“నన్నెందుకు కలుపుతున్నవే?” అన్నది సుగుణమ్మ. “పొద్దుగాల సంది గీ పొట్టు తప్ప నేనేం చూడలే.”

“నీకు తెల్వదా అత్తా? నా మొకం చూసి చెప్పు.”

సుగుణమ్మ ఎల్లిగడ్డ మొకం చూసింది. “తెలుసు,” అన్నది చివరికి. “గని చెప్పొద్దన్నడు. సర్‌ప్రైజ్ అన్నడు.”

“సర్‌ప్రైజే! మస్తు సర్‌ప్రైజ్! డిపోల అందరి ముందట డ్యూటీ చార్టు చూసిన. కళావతి, వీక్లీ ఆఫ్, బేస్తవారం! ఆదివారం ఏమో పొద్దుగాల ఐదింటి బండి! కండ్లు తుడుసుకొని మళ్ల చూసిన. నా పేరే. చార్టు రాసే ప్రకాశం సార్‌ను అడిగితే ఏమన్నడో తెల్సా? ‘మీ ఆయనే అడిగిండు గదమ్మా’ అన్నడు. నవ్వుకుంట అన్నడు!”

గుండయ్య గొంతు సవరించుకున్నాడు. అదే డిపోలో పద్దెనిమిదేళ్లుగా బస్సు నడుపుతున్న మనిషి. ఎంత ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా హారన్ కొట్టడని డిపో అంతా నవ్వుతుంది. అటువంటివాడికి ఇంట్లో కొట్టే ధైర్యం ఎక్కడిది?

“కళా, జర కూసో. చెప్త.”

“నిలబడే వింట. దినమంత నిలబడుడే గదా నా కొలువు.”

“నీకొక్కదానికే కాదు. నాకు గూడ బేస్తవారమే. ఇద్దరికీ ఒకటే దినం ఆఫ్ అడిగిన.”

కళావతి అప్పుడు చెప్పులు విడిచింది.

“పెండ్లయి పదహారేండ్లు,” అన్నాడు గుండయ్య, చూపు నేల మీద పెట్టి. “నువ్వు దిగేటప్పటికి నేనెక్కుత. నేను దిగేటప్పటికి నువ్వు పంటవ్. పండుగలు గూడ షిఫ్టులల్లనే పాయె. ఒక్క దినం ఇద్దరం ఒక్కతాన కూసొని వేడన్నం తిన్నమా? పెండ్లి రోజొస్తున్నది. చీర తెస్తే నీకు నచ్చదు. గందుకే…”

సుగుణమ్మ ఇంకో ఎల్లిగడ్డ చేతిలోకి తీసుకుంది.

కోపం వచ్చినప్పుడు ఎదుటివాడు చెడ్డవాడై ఉంటే ఎంత సుఖం! తిట్టి చేతులు కడుక్కోవచ్చు. మంచితనంతో కొంప ముంచినవాణ్ణి ఏం చేయాలి? కళావతి కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పింది. చూపు మాత్రం గోడ పక్క బల్ల మీదికే పోయింది. అక్కడ స్టీలు డబ్బాలు వరుసగా ఉన్నాయి. శుక్రవారం సాయంత్రానికే ఇరవై. రేపు పొద్దుగూకేసరికి నలభై దాటుతాయి.

ఆదివారం సెలవని క్యాలెండర్‌లో ఎర్ర అంకె వేసినవాడెవడో గాని, వాడు ఒక్కనాడు కూడా ఆ పూట వీళ్లుండే ఛత్రినాక గల్లీల్లో ఏ వంటింట్లోకీ తొంగి చూసి ఉండడు. మగవాళ్లు మటన్ దుకాణం ముందు వరుసలో నిలబడి ముచ్చట్లు పెడతారు. కిలో మాంసం తెచ్చి గట్టు మీద పెట్టి, పని అయిపోయినట్టు పేపరు పట్టుకుంటారు. ఆరు రోజులు ఆఫీసులోనో, దుకాణంలోనో, కుట్టుమిషన్ మీదనో నడుం విరగ్గొట్టుకున్న ఆడది ఏడో రోజు ఎండుకొబ్బరి కుడుకలు వేయించాలి, గసాలు నానబెట్టాలి, అల్లం ఎల్లిగడ్డ నూరాలి. దీన్ని సెలవంటారు!

ఎనిమిది నెలల కింద, చెయ్యి విరిగిన పక్కింటి లలితమ్మకు కళావతి ఒక ఆదివారం మసాలా నూరి పంపింది. పై ఆదివారానికి మూడు డబ్బాలు గుమ్మం ముందు కూర్చున్నాయి. నెల తిరిగేసరికి పన్నెండు. కళావతి కొత్త గ్రైండర్ కొన్నది. అంతే, వ్యాపారం మొదలైంది. బోర్డు లేదు, పేరు లేదు. శనివారం పొద్దుగూకేలోపు ఎవరి డబ్బా వాళ్లు పంపాలి. డబ్బా వచ్చిందంటే ఆర్డరు వచ్చినట్టే. లోపల లవంగం ఉంటే మటన్‌కు, మిరియం ఉంటే చికెన్‌కు. ఎన్ని గింజలో అన్ని కిలోలకు. ఆదివారం ఏడు కొట్టకముందే తాజా మసాలాతో డబ్బా వాపసు.

ఆ పని మీద ఆమెకు ఎంత ఇష్టమంటే, ఆదివారం అలారం మోగకముందే మెలకువ వస్తుంది. ఆరు రోజులు ఆమె కొట్టిచ్చిన టికెట్టు బస్సు దిగగానే నలిగి రోడ్డు మీద పడుతుంది. ఏడో రోజు ఆమె నూరిన మసాలా వాసన గల్లీ మలుపు దాకా పోయి నిలబడుతుంది. ఏ ఇంట్లో మూత తీసినా “ఇది కళావతి చెయ్యి” అంటారు. ఆ ఒక్క మాటకు వారమంతా నిలబడ్డ కాళ్ల తీపు దిగిపోతుంది.

“శనివారం సాయంత్రమే నూరి ఫ్రిజ్‌ల పెడితే?” అన్నాడు గుండయ్య మెల్లగా.

“ఫ్రిజ్‌లది కావాల్నంటే దుకాణంల పాకిట్ దొరకదా? నా తాన ఎందుకు తీసుకుంటరు? ఒక్క వారం ఉత్త డబ్బా వాపస్ పోయిందంటే అయిపాయె. పై వారం ఏ డబ్బా రాదు. మళ్ల ఎవరి రోలు వాళ్లదే, ఎవరి నడుం వాళ్లదే.”

“నేను నూరుత తియ్యే,” అన్నది సుగుణమ్మ.

“మోకాళ్లు పట్టుకొని లేస్తున్నవ్, కుడుకలు ఎట్ల ఏంచుతవ్ అత్తా? నువ్వు గీ ఎల్లిగడ్డ సంగతి చూసుడే మస్తు.”

“నేనున్న గద. ఆదివారం నాది ఒంటిగంట బండి. పొద్దుగాలంత ఇంట్లనే ఉంట,” అన్నాడు గుండయ్య.

కళావతి ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

“నువ్వా? పోయిన శనివారం ఏం చేసినవ్? నాకు సాయమని డబ్బాలన్నీ తోమి, కడిగి, బోర్లించి పెట్టినవ్. లవంగాలు, మిరియాలు అన్నీ మోరీల పాయె! ఎవరికి మటనో ఎవరికి చికెనో తెల్వక, చీకటితోటి ముప్పై ఎనిమిది ఇండ్ల తలుపులు కొట్టిన నేను!”

“చెత్త పడ్డదనుకున్న…”

“పోయిన వారం డబ్బాలు కడిగినవ్. గీ వారం ఆదివారాన్నే కడిగి పారేసినవ్. ఒక్క మాట నన్నడిగితే నీ నోట్ల ముత్యాలు రాలుతయా?”

గుండయ్య తల వంచుకున్నాడు. సుగుణమ్మకు నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. కళావతి అది చూసి కోపంగా నవ్వింది, నవ్వినందుకు మళ్లీ కోపం తెచ్చుకున్నది.

అప్పుడే బయటి నుంచి పిలుపు వినబడింది. “గుండన్నా! వదినా! ఉన్నరా?”

కృపాకర్. అదే డిపోలో కండక్టర్, గుండయ్యకు తమ్ముడి లెక్క. ఫలక్‌నుమా స్టేషన్ వెనక ఉంటాడు. పక్కన భార్య స్వీటీ. ఆమె ఒక చేతిలో మిఠాయి డబ్బా, ఇంకో చేతిలో స్టీలు డబ్బా.

“నోరు తీపి చేసుకో అక్కా,” అంటూ స్వీటీ లోపలికి వస్తూనే కళావతి నోట్లో కలాకంద్ ముక్క పెట్టింది. “తొమ్మిదేండ్లకు దేవుడు విన్నడు! మా ఆయనకు ఆదివారం ఆఫ్ వచ్చింది!”

కళావతి నోట్లో ముక్క అట్లాగే ఉండిపోయింది.

“పెండ్లయిన కాన్నుంచి చర్చికి నేనొక్కదాన్నే పోతున్న అక్కా. ‘మీ ఆయన ఏడి, దుబాయ్‌ల ఉన్నడా?’ అని అడుగుతరు కొత్తోళ్లు. పెండ్లికి ముందు ఈయన పాట పాడితే చర్చంత గమ్మునుండేది. గిప్పుడు టికెట్, టికెట్ అని అరిచి గొంతు గిట్ల చేసుకున్నడు.”

“ఎల్లుండి పాడమన్నరు వదినా,” అన్నాడు కృపాకర్ సిగ్గుపడుతూ. “మొన్నటి సంది ఇంట్ల ప్రాక్టీస్ చేస్తున్న. పక్కింటోళ్లు లొల్లి పెడుతున్నరు.”

స్వీటీ స్టీలు డబ్బా మూత తీసి చూపించింది. లోపల మూడు లవంగాలు. “పాస్టరయ్య వాళ్లు మా ఇంటికే భోజనానికి వస్తున్నరు. మూడు కిలోలు. నీ చెయ్యి పడాలె అక్కా, మా పరువు నీ చేతుల ఉన్నది.”

కళావతి ఆ డబ్బా అందుకున్నది. దాన్ని బల్ల మీద, మిగిలిన వాటి పక్కన పెట్టింది. వెనక్కి తిరగలేదు. గుండయ్య గోడ మీద బల్లిని చూస్తున్నాడు. కృపాకర్ ఒకసారి అన్న వైపు, ఒకసారి వదిన వైపు చూశాడు.

“ఏమైంది? అందరు గిట్లున్నరేంది?”



“ఏమవుడేంది?” అన్నది సుగుణమ్మ. అన్ని ఎల్లిగడ్డలు ఒలిచిన మనిషికి ఒక్క మాట దాచుకోవడం చేతకాదు. “నీకొచ్చిన ఆదివారం మా కోడలిది.”

స్వీటీ ముఖంలో వెలుగు ఒక్కసారిగా పోలేదు. ముందు అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది, తర్వాత మిఠాయి డబ్బా మూత మెల్లగా మూసింది. అది చూడలేక కళావతి వంటింట్లోకి పోయి నీళ్లు తెచ్చింది.

“నాకు తెల్వదు వదినా,” అన్నాడు కృపాకర్. “ప్రకాశం సార్ పిలిచి ‘ఒక ఆదివారం ఖాళీ పడ్డది, కావాల్నా’ అన్నడు. ఎవరిది అని అడగాలె. అడగలే. అడిగితే పోతదేమో అని భయమైంది. రేప్పొద్దుగాలనే వాపస్ ఇచ్చేస్త.”

స్వీటీ నీళ్ల గ్లాసు అందుకున్నది. వద్దనీ అనలేదు, ఇవ్వమనీ అనలేదు. చేతిలో గ్లాసు తిప్పుతూ నీళ్లు తాగకుండా కూర్చున్నది. తొమ్మిదేళ్లు ఒక్కతే నడిచిన దారి మళ్లీ ఒక్కతే నడవాలని ఆమె అప్పుడే మనసుకు చెప్పుకుంటున్నట్టుంది.

కళావతికి ఒక్క మాట చాలు. “ఇచ్చెయ్” అంటే చాలు. ఆదివారం వచ్చేస్తుంది, నలభై డబ్బాలు నిండుతాయి, గల్లీ అంతా ఆమె చెయ్యి వాసన. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది కూడా. అబద్ధమెందుకు?

“వద్దు,” అన్నది.

“వదినా…”

“వద్దంటున్న గద! నీది నీదే. ఒక్క ఆదివారం పారేసి మనిద్దరినీ గుంజుకోమంటే, గుంజుకుంటమా? మనం చొక్కాలు చింపుకుంటే చార్టు రాసేటోడు చాయ్ తాగుకుంట చూస్తడు.” ఆమె గొంతు లేచింది. ఈసారి వేలు ఇంట్లో ఎవరి మీదికీ పోలేదు. “నా ఆఫ్ మార్చేటప్పుడు నన్నడగలే. నీకిచ్చేటప్పుడు ఎవరిదో నీకు చెప్పలే. మొగోడొచ్చి అడిగిండు, పెండ్లాం దినం మార్చిన్రు. రేపు నేను పోయి మా ఆయన దినం మార్చమంటే మారుస్తరా?”

“ఎందుకు మారుస్తరు? నవ్వుతరు,” అన్నాడు కృపాకర్.

“మరి నాదెందుకు మార్చిన్రు?”

గుండయ్య అప్పుడు తలెత్తాడు. తాను చేసిన పనికి అటు వైపు కూడా ఒక ముఖం ఉందని ఆయనకు అంతవరకు తోచలేదు.

“నాకు ఆఫే అవసరం లే,” అన్నది కళావతి, తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు. “పొద్దుగాల ఖాళీ ఉంటే చాలు. ఎనిమిదింటికల్ల నా పని అయిపోతది. తర్వాత పన్నెండు గంటలు నిలబడమన్నా నిలబడుత.”

కృపాకర్ నీళ్ల గ్లాసు కింద పెట్టాడు. “అన్నా, ఆదివారం ఒంటిగంట బండికి నీతోని కండక్టర్ ఎవరు?”

“దీక్షిత్.”

“వాడు సాయంత్రం క్రికెట్ మ్యాచ్ ఉందని వారం సంది ఏడుస్తున్నడు!” కృపాకర్ అప్పటికే ఫోను తీశాడు. రెండు నిమిషాలు బయట నిలబడి మాట్లాడి వచ్చాడు. “ఐదింటి బండి దీక్షిత్ తీసుకుంటడంట. వదినను ఒంటిగంట బండికి రమ్మన్నడు. కాళ్లు మొక్కుత అన్నడు.”

స్వీటీ మిఠాయి డబ్బా మూత మళ్లీ తీసింది. సుగుణమ్మ అందరికంటే ముందు చెయ్యి పెట్టింది.

ఆ సాయంత్రం ఆ ఇంట్లో అయిదుగురూ కూర్చుని ఎల్లిగడ్డలు ఒలిచారు. గుండయ్యకు ఒలవడం రాదు, గోళ్లు మంటలు. “గిదే నీకు పెండ్లి రోజు బహుమానం, ఒలువు,” అన్నది కళావతి. పదహారేళ్లలో ఇద్దరూ ఒక్కచోట అంతసేపు కూర్చున్నది అదే మొదటిసారని ఆమెకు మధ్యలో ఎప్పుడో తట్టింది. పైకి అనలేదు. పోపు పెట్టిన పప్పు, వేడన్నం ముందు ఆయన కంచంలోనే వడ్డించింది.

శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు, ఫస్ట్ షిఫ్ట్ దిగి, కళావతి చార్టు గదిలోకి నడిచింది. వెనక గుండయ్య, కృపాకర్, దీక్షిత్. ప్రకాశం బల్ల మీద స్కేలు, ఎర్రపెన్ను పెట్టుకుని గళ్లు గీస్తున్నాడు. సగం బట్టతల, మంచిగా మాట్లాడుతూనే ఎవరి పనీ చేయని మనిషి.

“రా కళావతమ్మా. ఇంక కోపం దిగలేదా?”

“రేపు నన్ను ఒంటిగంట బండికి ఎయ్యుండ్రి సార్. దీక్షిత్ నా ఐదింటి బండి తీసుకుంటడు. ఇద్దరం సంతకాలు పెట్టినం.” కాగితం ముందు పెట్టింది.

ప్రకాశం చదివాడు. కాగితం వెనక్కి నెట్టాడు.

“కాదమ్మా. ఆడోళ్లకు సెకండ్ షిఫ్ట్ ఎయ్యొద్దు. మర్చిపోయినవా? నాలుగేండ్ల కింద గేటు ముందట రెండు దినాలు బైఠాయించి మీరే తెచ్చుకున్నరు గద ఆ రూలు. ముందు వరుసల నువ్వే కూసున్నవ్.”

అది నిజం. ఎండలో కూర్చుని కళావతి గొంతు పోయేదాకా అరిచింది. తాను తెచ్చిన రూలునే తీసి తన దారికి అడ్డం పెడుతున్నాడు. ఆమె వెనక్కి నెట్టిన కాగితం వైపు చూసింది. ప్రకాశం అది చూసి స్కేలు సర్దుకున్నాడు.

“సార్,” అన్నది కళావతి. “మేం అడిగింది వద్దన్నోళ్లకు జబర్దస్తీ ఎయ్యొద్దని. కావాలన్నోళ్లకు ఇయ్యొద్దని కాదు. నాకు వద్దన్నప్పుడు ఏసిన్రు, కావాలన్నప్పుడు రూలు చూపిస్తున్నరు. నా నోట్లకెల్లి వచ్చిన మాట ఒక్కసారన్న మీ చెవుల పడ్డదా?”

“నీ మంచికే అమ్మా. తిరిగొచ్చే వరకు తొమ్మిది దాటుతది. రేపేమన్న అయితే ఎవరు జవాబు?”

“ఆ బండి డ్రైవర్‌ను నేను సార్,” అన్నాడు గుండయ్య.

గదిలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. గుండయ్య గొంతు అంత పెద్దగా ఉంటుందని డిపోలో ఎవరికీ తెలియదు.

“తప్పు నాదే. పెండ్లాం ఆఫ్ ఆమెను అడగకుండ అడిగిన. గని నేను మొగుణ్ని, మీరు ఆఫీసు. నేనడిగితే మీరెట్ల మార్చిన్రు? ఆమెకు ఒక ఫోన్ చేస్తే ఏం పోతుండె?”

తలుపు దగ్గర షిఫ్ట్ దిగిన ఆడకండక్టర్లు నలుగురైదుగురు చేరారు. సుజన అనే కొత్తమ్మాయి ముందుకొచ్చింది. “సార్, నాది గూడ గట్లనే అయింది. మా మామ ఫోన్ చేసిండని నా సోమవారం మార్చిన్రు. నాకు చార్టు చూసినంక తెలిసింది.”

“నాది గూడ,” అన్నది వెనక నుంచి ఇంకో గొంతు.

ప్రకాశం ముఖంలో నవ్వు మొదటిసారి సన్నబడింది. “సరే, సరే. లొల్లి చెయ్యకుండ్రి. కాగితం ఇక్కడ పెట్టిపోండ్రి. పెద్దసార్ సోమవారం వస్తడు, చూస్తం.”

“సోమవారం ఏం చూస్తరు సార్? ఆదివారం అయిపోతది.” కళావతి కుర్చీ లాగి ప్రకాశం ఎదురుగా కూర్చున్నది. ఆ గదిలో కండక్టర్లు కూర్చోవడం ఎన్నడూ లేదు. వెనక్కి నెట్టిన కాగితాన్ని మళ్లీ ఆయన ముందుకు జరిపింది. “పెద్దసార్‌ను అడిగే నా ఆఫ్ తీసిన్రా? తీసేటప్పుడు మీ పెన్ను చాలింది. పెట్టేటప్పుడు గూడ గదే పెన్ను చాలుతది. మేం పోం. రేపు ఒంటిగంట బండి మీద నా పేరు రాయుండ్రి, నా కండ్ల ముందట. ఇగ మీద ఏ ఆడదాని ఆఫ్ అయినా ఆమె సంతకం లేంది ముట్టొద్దు. అది గూడ ఆ చార్టు మీదనే, పెద్ద అక్షరాలతోని రాయుండ్రి. ఇప్పుడే రాయుండ్రి!”